పోయిన చేతికి స్తోత్రం

నజ్లత్ బుత్రుస్ ఊళ్లో గురువారం ఆడవాళ్ల ప్రార్థన కూటానికి తఫీదా అందరికంటే ఆలస్యంగా వచ్చేది. అందరికంటే వెనక, తలుపు పక్కన కూర్చునేది. ముందు వరుసలో ఎవరైనా లేచి, కళ్లు మూసుకుని, దేవుడు తమకు చేసిన మేళ్లు ఏకరువు పెడుతుంటే ఆమె కింది పెదవి ఓ పక్కకి లాక్కుపోయేది. బాతు పదకొండు పిల్లల్ని లేపిందని ఒకామె స్తోత్రం. ఆడపడుచు పుట్టిల్లు వదిలి వెళ్లిందని ఇంకొకామె స్తోత్రం. ఎండలో పెట్టిన రొట్టెపిండి చక్కగా పొంగిందని మరొకామె కన్నీళ్లు.

"దేవుడికి వేరే పనేం ఉంది పాపం! వీళ్ల పొయ్యిల చుట్టూ తిరగడమే," అని తఫీదా పక్కావిడ చెవిలో అనేది. ఆవిడ నవ్వాపుకోలేక ముసుగుకొంగు నోట్లో కుక్కుకునేది.

తఫీదాకు భక్తి లేదనుకుంటే పొరపాటు. పెద్ద ఉపవాసం యాభై అయిదు రోజులూ ఆమె ఇంట్లో పాలచుక్క కనపడదు. చర్చిలో పాటలు పాడే పిల్లల తెల్ల అంగీలన్నీ ఆమె కుట్టు మిషను మీద తయారైనవే. మెడ దగ్గర ఎర్రదారంతో సిలువ కుట్టేటప్పుడు ఆమె ఎవరితోనూ మాట్లాడదు. ఆమెకు గిట్టనిదల్లా భక్తి చేసే చప్పుడు.

ఆ చప్పుళ్లన్నిటిలోకీ పెద్దది మదామ్ నర్గిస్‌ది. ఊరి వెనక తెల్లరాతి కొండలో రాయి కోసే ఆరు రంపాల యజమాని లమయీ పెళ్లాం ఆవిడ. లమయీ ఒకసారి పదిరోజులు యెరూషలేము యాత్ర చేసి, ముంజేతి మీద ఆ సంవత్సరం అంకె పచ్చపొడిపించుకుని వచ్చాడు. అప్పటి నుంచి ఊరంతా ఆయన్ని ముకద్దిస్ అనాలి, యాత్ర చేసొచ్చిన పుణ్యాత్ముడని. పొరపాటున ఎవరైనా వట్టి పేరుతో పిలిస్తే ఆయనకు చెవుడు వచ్చేది. ఊళ్లో సగం మంది మగవాళ్లకు ఆ కొండలోనే పని. తఫీదా మొగుడు అయాద్ పద్నాలుగేళ్లుగా ఆయన రంపం నడుపుతున్నాడు.

ఓ గురువారం నర్గిస్ కైరో నుంచి బంగారురంగు అట్టల నోటు పుస్తకాలు తెచ్చి అందరికీ పంచింది.

"రోజూ పడుకోబోయే ముందు దేవుడు చేసిన మేళ్లు పది రాసుకోండి. సరిగ్గా పది. బతుకే మారిపోతుంది చూడండి."

"పదకొండోది గుర్తొస్తే ఏం చెయ్యాలి అమ్మగారూ? మర్నాటికి దాచుకోవాలా?" అంది తఫీదా వెనకనుంచి.

నవ్వులు లేచాయి. నర్గిస్ కూడా నవ్వింది, పళ్లతో మాత్రం.

ఇంట్లోనూ తఫీదాకు అదే బెడద. అయాద్ రోజూ తెల్లవారకముందే లేచి, ముఖం కడుక్కుని, తూర్పుకి తిరిగి నిలబడేవాడు. వాళ్ల ప్రార్థనలన్నిటికీ ముందు వచ్చేది కృతజ్ఞతా ప్రార్థన. బాగున్నా బాగులేకపోయినా, ఏ స్థితిలో ఉన్నా దేవుణ్ణి స్తుతించే మాటలతో అది మొదలవుతుంది. అయాద్ దాన్ని తొందర లేకుండా, ఒక్కో మాటా నములుతున్నట్టు చెప్పేవాడు. ఆ నెమ్మదే ఆమెకు ఒళ్లుమంట. జీతం కోస్తే అదే ప్రార్థన. జ్వరమొస్తే అదే. ఫోర్‌మన్ నలుగురిలో బూతులు తిడితే మర్నాడు పొద్దున మళ్లీ అదే. "వీణ్ణి గాడిద తన్నినా దాని కాలు నొప్పెట్టిందేమోనని చూస్తాడు," అనుకునేది. నాలుగు మాటలు చెవిన పడగానే విసురుగా లేచి వంటగదిలోకి పోయి, గిన్నెలు చప్పుడు చేసేది.

ఆ ఏడు శీతాకాలంలో ఒకరోజు ఉదయం పదిగంటలకు హమ్దాన్ తలుపు కొట్టాడు. అయాద్ పక్క రంపం అతనిది. ముస్లిం అయినా ఇద్దరూ ఒకే రొట్టె విరుచుకు తినే స్నేహితులు. ఒళ్లంతా రాతిపొడి తెల్లగా, దాని మీద ఎర్రటి చారలు. తలకి గుడ్డ లేదు.

"వదినా, మనిషి బతికే ఉన్నాడు. ముందు అది విను."

"తర్వాతది చెప్పు."

"కుడిచెయ్యి పోయింది. మణికట్టు పైదాకా."

రంపపు చక్రానికి ఇనప మూత ఉండాలి. మూత ఉంటే లోపల పొడి పేరుకుని గంటకోసారి ఆపి దులపాలి, రోజుకి తెగే రాళ్లు తగ్గుతాయి. అందుకని రెండేళ్ల క్రితమే ఆరు రంపాలకీ మూతలు ఊడదీయించారు. ఆ ఉదయం కోతలో ఇరుక్కున్న రాతిపెచ్చుని తీయబోతే అయాద్ చొక్కాచేతిని చక్రం అందుకుంది. హమ్దాన్ తన తలగుడ్డ విప్పి మోచేతి కింద బిగించి కట్టి, రాళ్ల ట్రక్కులోనే నది దాటించి ఆసుపత్రికి చేర్చాడు.

తెగిన చేతిని కూడా అతనే గుడ్డలో చుట్టి చర్చి ఫాదర్ అబూనా యుస్తుస్ దగ్గరికి తీసుకెళ్లాడని తఫీదాకు తర్వాత తెలిసింది. చిన్నప్పుడు జాతరలో పొడిపించిన సిలువ పచ్చబొట్టు ఆ మణికట్టు మీదే ఉండేది. "సిలువ ఉంది కదా స్వామీ, ఎక్కడపడితే అక్కడ పారెయ్యలేకపోయాను," అన్నాడట హమ్దాన్. అబూనా దాన్ని అయాద్ తండ్రి సమాధిలో పెట్టించాడు.

ఆసుపత్రిలో అయాద్ కళ్లు తెరిచి, భార్యని చూసి, పొడిబారిన పెదవులతో, "దేవుడున్నాడు తఫీదా," అన్నాడు.

"ఉన్నాడు సరే. చెయ్యేది?" అంది ఆమె. అని, బయటికొచ్చి, మెట్ల మీద కూర్చుని గోడకేసి తల ఆనించుకుంది. ఏడిచిందో లేదో ఎవరూ చూడలేదు.

నాలుగో రోజున ముకద్దిస్ లమయీ ఇంటికొచ్చాడు. బియ్యం బస్తా, నూనె డబ్బా, అద్దం కట్టించిన ఒక పరిశుద్ధుడి పటం వెనక మోయించుకొచ్చాడు. కూర్చుని టీ తాగి, నిట్టూర్చి, "పెద్ద గండం తప్పించాడమ్మా ప్రభువు. తలకి రావలసింది చేతితో పోయింది. స్తోత్రం చెయ్యండి," అన్నాడు.

"మీరూ చెయ్యండి ముకద్దిస్‌గారూ. మీకు రెండూ ఉన్నాయిగా," అంది తఫీదా.

ఆయన గ్లాసు కింద పెట్టి లేచాడు. పటం మాత్రం గోడకి తగిలించమని చెప్పి మరీ వెళ్లాడు. ఆమె దాన్ని తగిలించింది. పరిశుద్ధుడు ఏం పాపం చేశాడు?

అయాద్ ఇంటికొచ్చిన మొదటి పొద్దున మళ్లీ తూర్పుకి తిరిగి నిలబడ్డాడు. సిలువ గుర్తు వేసుకోడానికి కుడిచెయ్యి ఎత్తాడు. కట్టు కట్టిన మొండిచెయ్యి నుదుటి దాకా వెళ్లి, అక్కడ ఆగింది. తర్వాత గుండెకి, ఎడమ భుజానికి, కుడి భుజానికి. ఆమె చూడలేక బయటికి పోయింది. గేదెని ఏ తప్పూ లేకుండా తిట్టింది. ఆ రోజు నుంచి ఆమె కోపం ఇద్దరి మీదా సమానంగా ఉండేది. చెయ్యి తీసి స్తోత్రం చెయ్యమన్నవాడి మీదా, చెయ్యి పోగొట్టుకుని స్తోత్రం చేస్తున్నవాడి మీదా. నిజం చెప్పాలంటే రెండోవాడి మీదే కాస్త ఎక్కువ.

ఆరునెలలు గడిచాయి. తఫీదా కుట్టుపని మీదే ఇల్లు నడిచింది. ఓ గురువారం కూటంలో నర్గిస్ మెడ చాచి వెనక్కి చూసింది.

"తఫీదా, ఇవాళ నువ్వు లేచి చెప్పాలి. నీ పుస్తకంలో ఈ ఆర్నెల్లూ ఏం రాసుకున్నావో అందరం వింటాం."

"ఏం రాయలేదు అమ్మగారూ. మా ఇంట్లో రాసే చెయ్యి ఆయనదే."

"అదే, అదే వద్దంటాను. పోయింది చూడకు. ఉన్నది చూడు. ఎడమచెయ్యి ఉందిగా. దానికి స్తోత్రం చెయ్యకూడదూ?"

తఫీదా లేచి నిలబడింది. ముసుగు సర్దుకుంది.

"చేస్తాను. ఎడమచెయ్యి ఉంచింది దేవుడు. ఆయనకి స్తోత్రం. కుడిచెయ్యి తీసింది మీ ఆయన రంపం. దానికెవరికి చెయ్యమంటారు?"

నర్గిస్ ముఖం జేగురించి, తర్వాత తెల్లబోయి, తర్వాత కళ్లలో నీళ్లొచ్చాయి. చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఆవిడకే మంచినీళ్లు తెచ్చిచ్చారు.

మర్నాడు చర్చి పిల్లల అంగీల కుట్టుపని ఇంకొకరికి వెళ్లిపోయింది. ఆ మాట చెప్పడానికి అబూనా యుస్తుస్ స్వయంగా వచ్చాడు. మంచివాడే. ఎవరి చావుకైనా అందరికంటే ముందొచ్చి కూర్చునేవాడు. కాకపోతే చర్చి పక్కన కొత్త హాలు లేస్తోంది, దాని రాయంతా లమయీ కొండదే. గోడలింకా పైకి రావాలి.

"తల్లీ, నీ బాధ నాకు తెలీదా? కాస్త నాలుక అదుపులో పెట్టుకుంటే…"

"హాలు పూర్తయ్యేదాకానా అబూనా, ఆ తర్వాత కూడానా?"

ఆయన గడ్డం నిమురుకుని, అసలు వచ్చిన పని బయటపెట్టాడు. చర్చి పండగ రోజున హాలు ప్రారంభం. ఆ సభలో అయాద్ లేచి, దేవుడు తననెలా బతికించాడో, ఆపదలో ముకద్దిస్ ఎలా ఆదుకున్నాడో సాక్ష్యం చెప్పాలి. చెబితే కొండ గేటు దగ్గర కాపలా ఉద్యోగం ఇప్పిస్తానని ముకద్దిస్ మాటిచ్చాడు.

అరుగు మీద కూర్చున్న అయాద్ "చెబుతాను అబూనా," అన్నాడు.

అబూనా వీధి మలుపు తిరిగేదాకా తఫీదా ఆగింది.

"వెళ్లు. చెయ్యి తిన్నవాడి చెయ్యి ముద్దెట్టుకో. అందుకు మూతి మిగిలింది కదా నీకు! ఇంత బతుకూ బతికి, ఆ రంపానికే కాపలా కాస్తావు. సిగ్గు లేదుటయ్యా?"

"పండక్కి వేసుకునే పొడుగు అంగీ, ఆ గలాబియా ఇస్త్రీ చెయ్యి," అన్నాడతను. "కుడిచేతి పొడుగు కాస్త తగ్గించి కుట్టు."

"కుట్టను. వేలాడనీ. ఊరంతా చూడనీ."

పండగనాటికి హాలు నిండిపోయింది. గుమ్మం పైన రాతిలో దేవుడి పేరు చిన్నగా, ముకద్దిస్ పేరు పెద్దగా చెక్కించారు. ముందు వరుసలో లమయీ, పక్కన నర్గిస్. కొండలో పనిచేసేవాళ్లంతా గోడల వెంట నిలబడ్డారు. పిలవకపోయినా హమ్దాన్ కూడా వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. తఫీదా ఎప్పట్లాగే వెనక కూర్చుని, మొగుడి ముఖం చూడకుండా కొత్త గచ్చు మీద సున్నపు మరకలు చూస్తోంది.

అయాద్ లేచాడు. అంగీ చేతి ఖాళీ కొస పక్కన వేలాడుతోంది.

"నాకు మాట్లాడ్డం రాదు," అని మొదలుపెట్టాడు. "దేవుడు నన్ను బతికించాడు. స్తోత్రం. ఇదుగో, బయట నిలబడ్డ హమ్దాన్ తన తలగుడ్డ విప్పి కట్టకపోతే దార్లోనే పోయేవాణ్ణి. వాడికా బుద్ధి పుట్టించినందుకు స్తోత్రం. మా ఇంట్లో దాని కుట్టు మిషను మీద కడుపు నిండుతోంది. దానికీ స్తోత్రం. దాని నోటి సంగతి మీకందరికీ తెలుసు. ఆ నోటి కింద పద్దెనిమిదేళ్లు బతకనిచ్చినందుకు కూడా."

జనం పకపకా నవ్వారు. లమయీ కూడా నవ్వి, తనకి రావలసిన వంతు కోసం కాలు మీద కాలేసుకున్నాడు. తఫీదాకు గచ్చులోకి కుంగిపోవాలనిపించింది. నవ్విస్తున్నాడు! చెయ్యి పోయినవాడు, తీసినవాణ్ణి కూర్చోబెట్టి నవ్విస్తున్నాడు!

"ఇక చెయ్యి సంగతి," అన్నాడు అయాద్. "దేవుడు తీసుకున్నాడులే అని చాలామంది ఓదార్చారు. నేను ఆయన్నే అడిగాను, ఆర్నెల్లు. ఆయన తీసుకోలేదు. చెయ్యని పనికి ఆయన మీద నింద వెయ్యడం పాపం. రంపానికి ఇనప మూత ఉంది. మిషన్‌తో పాటే వచ్చింది. ఇప్పుడది కొండ మీద రేకుల షెడ్డులో, పాత టైర్ల కింద ఉంది. ఆరు రంపాలకీ ఆరు మూతలు, అన్నీ అక్కడే. మూత ఉంటే రాళ్లు తక్కువ తెగుతాయని తీయించారు. ముకద్దిస్‌గారూ, దేవుడి ముందు అడుగుతున్నాను. రేపు పొద్దున ఆ మూతలు బిగించండి. నాకు కాపలా ఉద్యోగం వద్దు."

తఫీదా తలెత్తింది.

లమయీ లేచి నిలబడ్డాడు. మెడనరాలు పొంగాయి. "ఇది సాక్ష్యం చెప్పే చోటురా! తగవులు పెట్టుకునే చోటు కాదు."

"సాక్ష్యమే చెబుతున్నానండి. కళ్లారా చూసిందే చెప్పాను."

"నేను పెట్టిన కూడు తిని…"

"దేవుడు పెట్టింది తిన్నానండి. మీ దగ్గర పనిచేశాను." గొంతు పెంచలేదు. రోజూ పొద్దున ప్రార్థన చెప్పే అదే నెమ్మది. "మీరు తినిపించారనుకున్నన్నాళ్లూ నాకూ భయంగానే ఉండేది."

అబూనా యుస్తుస్ తన చేతిసిలువ వైపు చూసుకున్నాడు. తర్వాత, ఎవరూ అనుకోనిది, తల తిప్పకుండానే, "ఆ మూతలున్నాయా ముకద్దిస్?" అని అడిగాడు.

లమయీ బయటికి నడిచాడు. నర్గిస్ చేతిసంచీ వెతుక్కుని వెనకాల పరిగెత్తింది.

ఇంటికి పోయే దారిలో తఫీదా నాలుగడుగులు వెనకగా నడిచింది. ఎప్పుడూ మొగుడికంటే ముందు నడిచే మనిషి. చెరుకు తోట దాటాక అడిగింది.

"ఇదంతా ఎప్పట్నుంచి కడుపులో పెట్టుకున్నావు? నాతో ఒక్క ముక్క అన్నావా?"

"రోజూ పొద్దున ఆయనతో చెబుతూనే ఉన్నాగా."

"పొద్దున నువ్వు చేసేది స్తోత్రమేగా!"

"మొదట స్తోత్రం. చివర్లో అడగడం ఉంటుంది. కీడు తొలగించమనీ, చెడ్డవాళ్ల ఎత్తులు సాగనివ్వొద్దనీ. నువ్వెప్పుడూ మొదటి నాలుగు మాటలకే లేచిపోయి గిన్నెలు మోగిస్తావు. చివరిదాకా ఎప్పుడు విన్నావు?"

చిన్నప్పుడు ఆ ప్రార్థన తఫీదా కూడా కంఠతా నేర్చుకుంది. చివరి మాటలు తనకీ తెలుసు. ఇన్నేళ్లూ మొగుణ్ణి చేతకానివాడి కింద జమకట్టి, అతను ఏం అడుగుతున్నాడో వినలేదు. ఇంటి గుమ్మం దగ్గర ఆమె, "ఆ గలాబియా విప్పు. చెయ్యి తగ్గించి కుడతాను," అంది. క్షమాపణ అడగడం ఆమెకు అంతకంటే రాదు.

మర్నాడు తెల్లారకముందు కూలీల్ని కొండకి తీసుకెళ్లే ట్రక్కు వచ్చి హారను కొట్టింది. హమ్దాన్ మసీదు గోడ మీద కాళ్లాడిస్తూ కూర్చున్నాడు, ఎక్కలేదు. అతని పక్కన ఇద్దరు, వాళ్ల పక్కన నలుగురు. క్రైస్తవులూ ముస్లింలూ కలిపి గోడంతా నిండింది. డ్రైవరు అరిచి అరిచి ఖాళీ ట్రక్కు తోలుకుపోయాడు. రెండోరోజూ అంతే. మూడోరోజు నాలుగు రంపాలకి మూతలు బిగించారని కబురొచ్చింది. వారంలో మిగతా రెంటికీ పడ్డాయి.

అయాద్‌కి మాత్రం ఆ చుట్టుపక్కల ఏ కొండలోనూ పని దొరకలేదు. దేవుడి ఇంట్లో యజమాని పరువు తీశాడని ఊళ్లో కొందరు ముఖం తిప్పుకునేవారు. వాళ్లలో మూతలున్న రంపం మీద పనిచేసేవాళ్లూ ఉన్నారు. అంగీల పనీ తఫీదాకు తిరిగి రాలేదు. ఆ చలికాలమంతా వట్టి పప్పే.

"దేవుడున్నాడు," అనేవాడు అయాద్ పళ్లెం ముందు.

"ఉన్నాడు. పప్పులో ఉల్లిపాయ లేదు," అనేదామె. కానీ లేచిపోయేది కాదు.

వసంతంలో పడవల రేవు దగ్గర అతను చిన్న బల్ల వేసుకున్నాడు. తఫీదా ఎండలో పిండి పొంగించి రొట్టెలు కాల్చి ఇస్తే, ఉడికించిన చిక్కుడుగింజలతో అమ్మేవాడు. ఒంటిచేత్తో రొట్టె చీల్చి గింజలు నింపడం నేర్చుకోడానికి నెల పట్టింది. నెల తర్వాత రేవు దాటేవాళ్లు చూడ్డానికే ఆగేవారు.

మరుసటి ఏడు పండగకి మళ్లీ అదే హాలు. ఈసారి ముకద్దిస్ లమయీ స్వయంగా లేచాడు. కళ్లు మూసుకున్నాడు. కొండలో కష్టపడే తన బిడ్డల్లాంటి కూలీల గురించి ఒకరాత్రి నిద్రపట్టక ప్రార్థిస్తుంటే, రంపాలకి మూతలు పెట్టించమని దేవుడు తన మనసులో ఒక ఆలోచన పుట్టించాడని, ఖర్చుకి వెనకాడలేదని, ఈ ఏడాదిలో ఒక్కరికి గోరు కూడా ఊడలేదని, అందుకు ప్రభువుకి వేలవేల స్తోత్రాలని చెప్పాడు. నర్గిస్ కళ్లొత్తుకుంది. హాలంతా ఒక్క గొంతుతో "ఆమెన్" అంది.

అందరికంటే గట్టిగా అన్నది అయాద్.

తఫీదా అతని పక్కలో మోచేత్తో పొడిచింది. "ఏమయ్యా, బుర్ర పనిచేస్తోందా? వాడి అబద్ధానికి నువ్వు ఆమెన్ చెప్పడమేంటి?"

"మూతలున్నాయిగా."

"ఉంటే?"

"గోరు ఊడలేదన్నది నిజమేగా. నేను దానికి చెప్పాను. మిగతాది ఆయనా దేవుడూ చూసుకుంటారు."

"నువ్వు బాగుపడవు," అంది తఫీదా. ముందు వరుసలో లమయీ ఇంకా కళ్లు మూసుకునే ఉన్నాడు, తన స్తోత్రం తనకే తియ్యగా ఉన్నట్టు. ఆమె కింది పెదవి మెల్లగా ఓ పక్కకి జరిగింది. వెనక ఎవరో, "అక్కా, నువ్వు ఆమెన్ అనలేదే?" అని గుచ్చారు.

"నా మొగుడు ఇద్దరి వంతూ అనేశాడు," అని, రేపటి రొట్టెలకి పిండి కలపాలని తఫీదా లేచి వెళ్లిపోయింది.